మూడో కుట్టు

ముడి గట్టిగానే వేశానే, ముప్ఫై ఏళ్ళుగా దారానికి ముడి వేసే చేతులు ఇవి, ముడి జారిందని ఇంతవరకూ ఒక్కరూ బట్ట పట్టుకుని తిరిగి రాలేదు, ఈ బూటు లేసు మాత్రం రోజూ పార్కు గేటు దాటి నాలుగడుగులు వేసేసరికి ఊడి కూర్చుంటుంది, వంగి కట్టుకుంటుంటే మోకాలు టిక్కుమంది, చొక్కా జేబులో పుస్తకం పక్కటెముకకి పొడుచుకుంది, కొలతల పుస్తకం, నల్ల అట్టది, నిరుటిది, దీన్ని పరుగుకి తెచ్చుకునే మనిషి లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను, ఎవరైనా చూస్తే ఏమయ్యా టైలరూ పరుగెత్తేవాళ్ళకి కూడా కొలతలు తీస్తావా అని నవ్వుతారు, నవ్వితే బాగానే ఉంటుంది, వదిన నవ్వదు, వదిన నిన్న సాయంత్రం షాపు మెట్టు మీద నిలబడి అడిగింది, ఏ తారీఖుల్లో చేశావో పుస్తకం చూసి రేపు చెప్పు మరిదీ అని, చూసి చెప్తానన్నాను, చూడక్కర్లేదు, ఆ మూడు తారీఖులూ నా పుట్టినరోజు కంటే బాగా గుర్తు, అయినా చూస్తానన్నాను, ఒక పూట దొరుకుతుంది కదా అని, దొరికింది, ఆ దొరికిన పూటతో ఏం చేసుకున్నాను, దిండు కింద పుస్తకం పెట్టుకుని దాని మీద పడుకున్నాను, పొద్దున్నే దేవుడి పటం ముందు నిలబడితే రోజూ వచ్చే మాటలు రాలేదు, చేతులు జోడించి ఊరికే నిలబడి వచ్చేశాను.

ఈల మోగింది. డ్రిల్లు మాస్టారు బడి నుంచి రిటైరై పన్నెండేళ్ళయింది, ఆ ఈల మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది, గేటు దగ్గర సిమెంటు బల్ల ఎక్కి నిలబడ్డాడు, ఇవాళే ఆఖరి ప్రాక్టీసు, రేపు అందరికీ సెలవు, ఎల్లుండి ఆదివారం మన పేట పరుగు, ఐదు కిలోమీటర్లు, ఎవరూ ఎవర్నీ ఓడించక్కర్లేదు, ఇద్దరిద్దరు, మాట్లాడుకుంటూ, మాట ఆగిందంటే వేగం ఎక్కువైనట్టే, అది ఆయన పెట్టిన నియమం, నోరు మూసుకుని పరుగెత్తే జంట కనిపిస్తే సైకిలు మీద పక్కకొచ్చి చెవిలో ఈల ఊదుతాడు, బేకరీ అక్క ఇవాళ కూడా మోచేతికి పిండితోనే వచ్చింది, మాస్టారూ నేను పరుగెత్తితే మాట రాదు మాట్లాడితే కాలు కదలదు రెండిట్లో ఏది వదలమంటారు అంది, మాట వదలమంటే వదిలే మొహమేనా అది అన్నాడు పోస్టాయన, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, అంతలో మాస్టారు నా వైపు తిరిగి టైలరుగారూ ఆదివారం టేపు మర్చిపోకండి, నడుము బాగా తగ్గినవాళ్ళ కప్పు ఈసారీ ఉంది అన్నాడు, టేపు పోయిందండీ అన్నాను, టైలరు టేపు పోవడమేమిటయ్యా, డ్రైవరొచ్చి బస్సు పోయిందన్నట్టుంది అని పోస్టాయన, మళ్ళీ నవ్వులు, వదిన నవ్వలేదు, తెల్ల కాన్వాసు బూట్లు, బిగించి కట్టిన జుట్టు, వచ్చి నా పక్కన నిలబడింది, నా జంట వదినే, నిరుడు నా జంట అన్నయ్య.

మొదటి అడుగులు ఎప్పుడూ బరువే, చీలమండలు ఇంకా నిద్రలోనే ఉంటాయి, పార్కు చుట్టూ ఎర్రమట్టి బాట, తర్వాత కాలవ గట్టు రోడ్డు, నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళి వెనక్కి, వదిన అడుగు చిన్నది, తొందరది, కుట్టుమిషను పాదం లాంటి అడుగు, అన్నయ్యది సాగదీసిన అడుగు, ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చదివే ఉద్యోగం, రోజుకి పది మైళ్ళు నడిచే మనిషికి పరుగెందుకురా అంటే, నడక జీతానికి, పరుగు నాకు అనేవాడు, మా నాన్న కూడా టైలరే, ఇద్దరికీ మిషను నేర్పాలని చూశాడు, కూర్చునే పని నా వల్ల కాదు నాన్నా అని వాడు లేచిపోయాడు, నేను కూర్చుండిపోయాను, అయినా మన ఇద్దరిదీ ఒకటే పనిరా తమ్ముడూ అనేవాడు, నేను గోడల మీటరు చదువుతాను నువ్వు మనుషుల మీటరు చదువుతావు, ఈ రోడ్డు మీద పరుగెత్తుతూనే ప్రతి గేటు పక్కా వంగి మీటరు పెట్టెలోకి చూసేవాడు, ఈ ఇంటివాళ్ళు స్నానాలు మానేశారు, ఆ ఇంట్లో చుట్టాలు దిగారు, ఒరే పరుగెత్తరా బాబూ అని నేను, ఇదిగో ఈ ఆకుపచ్చ గేటు దగ్గరే ఒకరోజు ఆగిపోయాడు, చూడు, ఇంట్లో ఎవరూ లేరు, తాళం వేసుంది, కుళాయిలన్నీ కట్టేసున్నాయి, అయినా చక్రం తిరుగుతోంది, అంటే ఏమిటన్నమాట, గోడలో ఎక్కడో కారుతోంది, బయటికి తడి కనిపించదు, గోడ కూలేదాకా వీళ్ళకి తెలియదు, మరి చెప్పవా అన్నాను, చెప్తాను, చెప్తే మీటరే తప్పంటారు, వినేవాడికి వినాలని లేకపోతే చదివేవాడేం చేస్తాడు, అని మళ్ళీ పరుగెత్తాడు, ఆ గేటు ఇప్పుడు దాటాం, వదిన కూడా పెట్టె వైపు చూసింది, నేను చూడనట్టు చూశాను.

ఏం మరిదీ మాట్లాడు, ఈల పడుతుంది అంది వదిన, మీ చెల్లెలి మోకాలు ఎలా ఉందని అడగండి అన్నాను, మా ఆవిడ గురించి, ఎలా ఉంది, అలాగే ఉంది, అయితే నూనె రాయమను, రాస్తూనే ఉంది, ఇంతే మా మాటలు, ఈ ఏడు మార్చిలో ఒకరోజు చెప్పాపెట్టకుండా వదిన ఈ గేటు దగ్గరికి వచ్చి నిలబడింది, మాస్టారి కాగితంలో ఆయన పేరు పక్కన ఖాళీ ఉందట కదా నేను వస్తాను అంది, అప్పటికి అన్నయ్య పోయి రెండు నెలలు, మాస్టారు ఆ కాగితం తీసి అన్నయ్య పేరు కొట్టేయకుండా దాని పక్కనే వదిన పేరు రాశాడు, ఆ రోజు నుంచి ఐదు నెలలు, మోకాళ్ళ గురించి, వానల గురించి, బేకరీ అక్క గురించి ఎన్ని మాటలో, అన్నయ్య మాట ఒక్కటీ రాలేదు, నేను తేలేదు, వదిన తేలేదు, మాటల మధ్యలో అన్నయ్యకి సరిపోయేంత ఖాళీ వదిలి దాని చుట్టూ పరుగెత్తుతున్నాం ఇన్నాళ్ళూ.

నిన్న వదిన అన్నయ్య ప్యాంట్లు రెండు తేకపోయుంటే ఇలాగే వెళ్ళిపోయేది. మా తమ్ముడికి కాపలా ఉద్యోగం వచ్చింది, వాడి నడుం ముప్ఫై ఆరు, మీ అన్నయ్య పాత కొలతే, వదులు చేసిపెట్టు, పాడుబడటం కంటే ఎవరో ఒకరు తొడుక్కుంటే మంచిది అంది, సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది, బూడిద రంగు ఆఫీసు ప్యాంటు చూడగానే నా చేతులు ముందు వెనక్కి వెళ్ళాయి, తర్వాత అలవాటు కొద్దీ అవే దాన్ని తిరగేసి దీపం కిందకి లాగాయి, నాన్న నేర్పింది అదే, నడుం బిగించేటప్పుడు బట్ట కొయ్యకూడదు, మిగిలింది లోపలే మడిచి పెట్టాలి, మనిషి మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి ఉంటుంది, అందుకని ఎన్నిసార్లు బిగించినా బట్ట అంతా లోపలే ఉంటుంది, కుట్టు పక్కన కుట్టు, ఒకదాని లోపల ఒకటి, నేను చాటు చేసేలోపే వదిన వేలు పెట్టింది, ఒకటి, రెండు, మూడు, ఆ వేలు మూడో కుట్టు మీద ఆగింది, నాకు ఒకటే తెలుసు అంది, నిరుడు మార్చిలో కుట్టించుకుని వచ్చి వీధంతా చూపించాడు కదా అదొక్కటే, తర్వాత అడిగితే బెల్టుతో లాక్కుంటున్నాను, పరుగు అయ్యాక ఒకేసారి కుట్టిస్తాను అన్నాడు, ఇవెప్పుడు చేశావు, ఆ గొంతులో కోపం లేదు, కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒక అంచు ఉండేది, పుస్తకం చూడాలి వదినా అన్నాను, సరే చూసి రేపు చెప్పు, అని సంచీ మడుచుకుని మెట్టు దిగింది, దేవుడా, వేలితో తడిమితే పావు అంగుళం తేడా చెప్పగలిగే చేతులిచ్చావు నాకు, కళ్ళు మూసుకుని చెప్పగలను, మరి నోరెందుకు అలా ఇచ్చావు.

మూడు తారీఖులు. మార్చి మూడు, నడుము ముప్ఫై ఆరు నుంచి ముప్ఫై నాలుగున్నర, మే తొమ్మిది, ముప్ఫై మూడు, జూన్ ఇరవై ఒకటి, ముప్ఫై ఒకటి, ఆ జూన్ కొలత కిందే ఇంకో రెండు వరుసలున్నాయి, పెన్సిలుతో, మెడ పదిహేనున్నర నుంచి పద్నాలుగున్నర, మణికట్టు, చేతి గుండీ అర అంగుళం లోపలికి, నడుము తగ్గుతుంది, పరుగెత్తితే ఎవరికైనా తగ్గుతుంది, మెడ కూడా కొంచెం తగ్గుతుందనుకుందాం, మణికట్టు దగ్గర ఏముంది తగ్గడానికి, ఎముకా చర్మమూ తప్ప, ముప్ఫై ఏళ్ళలో పరుగెత్తి మణికట్టు తగ్గిన మనిషిని నేను చూడలేదు, ఆ సంగతి పుస్తకం చదివిన డాక్టర్లకంటే మాలాంటి వాళ్ళకే బాగా తెలుస్తుంది, నాకు తెలిసింది, అప్పుడే తెలిసింది, వేళ్ళకి తెలిసింది, తెలిసిన వేళ్ళతోనే గుండీ ఊడదీసి లోపలికి జరిపి నాలుగు పోగులు వేసి బిగించాను, నా కుట్టు మంచిది, అదే కదా నా ఖర్మ, ప్యాంటు ఒక్క ముడత లేకుండా నిలబడింది, చొక్కా చేతులు మణికట్టు దగ్గర అందంగా ఆగాయి, చూసేవాళ్ళకి మనిషి చిక్కిపోయినట్టు కనిపించలేదు, చక్కబడ్డట్టు కనిపించాడు.

ఆ కప్పు. ఆగస్టు మొదటి ఆదివారం, నిరుడు, ఇదే పార్కు, చెక్క వేదిక, మైకు గురగురమంటోంది, డ్రిల్లు మాస్టారు నన్ను పైకి పిలిచి కొలతల పుస్తకం తెచ్చారా టైలరుగారూ, సాక్ష్యం చదవండి అన్నాడు, అందరూ ఈలలు, నేను కళ్ళద్దాలు సర్దుకుని, ఓ అమ్మాయి ఇచ్చిన మైకు తలకిందులుగా పట్టుకుని, అదీ ఒక నవ్వు, ఫిబ్రవరిలో ముప్ఫై ఆరు, ఇప్పుడు ముప్ఫై ఒకటి, ఐదు అంగుళాలు అని చదివాను, చప్పట్లు, బేకరీ అక్క అయ్యో ఆ ఐదూ నాకే వచ్చి చేరాయి అని అరిచింది, పోస్టాయన భుజాల మీద ఎత్తుకుంటానని వస్తే అన్నయ్య వద్దురా నాయనా అని పారిపోయాడు, కప్పు రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు, చొక్కా చెయ్యి మోచేతి దాకా జారింది, నేను పక్కనే ఉన్నాను, చూశాను, పుస్తకం నా చేతిలో తెరిచే ఉంది, నడుము చదివాను, కింది రెండు వరుసల మీద బొటనవేలు పెట్టాను, ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు, బొటనవేలు ఎందుకు పెట్టాను మరి, సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన అన్నయ్య ఎవరింటి మెట్లమీదో మీటరు చదువుతూ పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాం, డాక్టరు కళ్ళద్దాల పైనుంచి చూస్తూ ఎన్నాళ్ళ నుంచి తగ్గుతున్నారీయన అని అడిగాడు, వదిన చాలా గౌరవంగా, పరుగెత్తుతున్నారండీ, ప్రైజు కూడా వచ్చింది అని చెప్పింది, డాక్టరు రాయడం ఆపి ఒక్క క్షణం వదినని చూసి మళ్ళీ రాసుకున్నాడు, నేను గోడకి ఆనుకుని ఉన్నాను, గోడ చల్లగా ఉంది, నేను నోరు తెరవలేదు.

ఈల, సరిగ్గా చెవి పక్కనే, ఆ జంట, మాట్లాడండి, ఊపిరాడటం లేదా ఏం, మాస్టారు సైకిలు మీద, ఆడుతోంది మాస్టారూ అంది వదిన, ఆయన ముందుకెళ్ళిపోయాడు, నీళ్ళ ట్యాంకు కనిపిస్తోంది, దాని నీడ రోడ్డుకి అడ్డంగా పడింది, ఆ నీడలోకి వెళ్ళాక వదిన అడిగింది, చూశావా పుస్తకం, చూశాను, అబద్ధం చెప్పొచ్చు, మూడూ మార్చిలోనే అని చెప్పొచ్చు, ఒకే వారంలో మూడుసార్లు సరిచేశాను వదినా అంటే నమ్ముతుంది, కుట్టు సంగతి ఆమెకేం తెలుసు, నమ్మి తమ్ముడికి ప్యాంటు ఇచ్చేసుకుంటుంది, ఆదివారం పరుగెత్తుతాం, మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటాం, ఇంకో ఇరవై ఏళ్ళు అలాగే మాట్లాడుకోవచ్చు, నా చెయ్యి జేబులోకి వెళ్ళింది, పుస్తకం చెమటకి తడిసింది, మార్చి మూడు అన్నాను, మే తొమ్మిది అన్నాను, జూన్ ఇరవై ఒకటి అన్నాను, అంటూనే పుస్తకం తీసి చేతికిచ్చాను, పరుగు నడకైంది, బేకరీ అక్క మమ్మల్ని దాటుతూ ఏమిటర్రా నాకంటే వెనకబడ్డారు చరిత్రలో రాసుకోండి అని రొప్పుతూ వెళ్ళిపోయింది.

వదిన నడుస్తూనే చదివింది, వేలు వరుస వరుసా కిందికి దిగింది, మణికట్టు దగ్గర ఆగింది, ఇది కూడా తగ్గిందా, తగ్గింది, అది తగ్గకూడదా, తగ్గకూడదు వదినా, నీకు తెలుసా అప్పుడు, అనుమానం వచ్చింది, ఆయనకి చెప్పావా, లేదు, కాలవలో నీళ్ళు మెల్లగా వెళ్తున్నాయి, ఎవరిదో చెప్పు తేలుతూ వెళ్తోంది, తిట్టమని ఎదురుచూశాను, ఈ ఐదు నెలలూ పక్కన పరుగెత్తుతూ నేను ఎదురుచూసింది ఆ తిట్టు కోసమేనేమో, వదిన పుస్తకం మూసి, తనకి తెలియని ఆ మే తొమ్మిది నుంచి వేళ్ళు మడవడం మొదలుపెట్టింది, మేలో ఇరవై రెండు, జూన్ ముప్ఫై, జూలై ముప్ఫై ఒకటి, ఆగస్టు ముప్ఫై ఒకటి, సెప్టెంబరులో ఇరవై ఎనిమిది, పెదాలు కదులుతున్నాయి, నూట నలభై రెండు రోజులు అంది, ఏమిటి వదినా అన్నాను, నిన్ను నిలదీయాలని కాదు మరిదీ తారీఖులు అడిగింది, ఆయన ఎన్నాళ్ళు ఒక్కడే మోశాడో నాకు తెలియాలి, పక్కనే పడుకున్నాను కదా నూట నలభై రెండు రోజులు, చిక్కానా నేను అని ఒకరోజు అద్దం ముందు నిలబడి అడిగాడు, పెళ్ళినాటి మొహం వచ్చింది మీకు అన్నాను, నిజంగానే అలా ఉన్నాడు, సంతోషంగానే అన్నాను, ఆ మాటతో ఇంక ఆయన నాకు చెప్పుకోవడానికి దారి లేకుండా చేసేశాను, వదిన ఏడవలేదు, చెమట తుడుచుకున్నట్టు మొహం తుడుచుకుంది, తర్వాత, బెల్టు నిన్న సంచీలో పెట్టబోయి మళ్ళీ తీసేశాను అంది, దానికి మూడు చిల్లులు కొత్తవి, మొదటిది నేనే పెట్టాను, మేకు కాల్చి, నవ్వుకుంటూ, మిగతా రెండూ ఆయనే ఎప్పుడో పెట్టుకున్నాడు, వంకరగా ఉన్నాయి, బెల్టుతో లాక్కుంటున్నాననడం అబద్ధం కాదు, మరి నీ దగ్గరికెందుకు వచ్చినట్టు, ఆ మాట నన్ను అడిగినట్టు లేదు, కాలవనో ఎవరినో అడిగినట్టుంది.

ఎందుకొచ్చాడు. జూన్ ఇరవై ఒకటి, మధ్యాహ్నం, ఎండ షట్టరు కిందనుంచి బల్ల కాలి దాకా వచ్చింది, షాపులో ఎవరూ లేరు, నేను నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో జాకెట్టు చంకలు సరిచేస్తున్నాను, అన్నయ్య వచ్చి కొలత తియ్యరా అని అద్దం ముందు నిలబడి తనే చేతులు పైకెత్తాడు, చిన్నప్పుడు నాన్న ముందు నిలబడ్డట్టే, ముందుకి వంగి నడుం చుట్టూ టేపు తిప్పాను, వాడి ఒళ్ళు వేడిగా ఉంది, ఎండలో తిరిగొచ్చాడనుకున్నాను, మెడకి పెట్టాను, గడియారం జారిపోతోందిరా చేతి గుండీ కూడా చూడు అన్నాడు, మణికట్టుకి పెట్టాను, టేపు ఇంకో చుట్టు అడుగుతున్నట్టు వదులుగా వేలాడింది, రాసుకున్నాను, ఆ ఆకుపచ్చ గేటు ఇల్లు గుర్తుందా అన్నాడు, ఊఁ అన్నాను, సూదులున్నాయి కదా నోట్లో, గోడ పడిపోయిందిరా పాపం, ఊఁ, కొలతలు పైకి చదవవేం, లోపలే రాసుకుంటావు, పైకి చదువు, సూదులు తీసి నడుము ముప్ఫై ఒకటి, హీరోవయ్యావు అన్నయ్యా అన్నాను, మిగతావి, అన్నాడు, అద్దంలో నన్నే చూస్తున్నాడు, చేతులు ఇంకా దించలేదు, మిగతావి పర్లేదు అన్నాను, ఎందుకన్నాను, పుస్తకంలో ఉంది కదా, రాసిన పెన్సిలు ఇంకా చేతిలోనే ఉంది, పర్లేదు అన్నాను, వాడు, సరే, నువ్వు పర్లేదంటే పర్లేదు అని నవ్వి చేతులు దించాడు, వెళ్ళాక నేనేం చేశాను, షాపులో దేవుడి పటం దగ్గరికి వెళ్ళి చెంపలేసుకుని అన్నయ్యకి ఏమీ కాకుండా చూడు స్వామీ అని మొక్కుకున్నాను, కళ్ళు తడిసేలా మొక్కుకున్నాను, ఆ మొక్కుని ఇన్నాళ్ళూ నా మంచితనంలోనే వేసుకున్నాను, కానీ స్వామీ, నీకు తెలియని సంగతా అది, నీకు చెప్పాల్సిన పనేముంది, వినవలసినవాడు అప్పటికింకా వీధి చివర కూడా దాటలేదు, పిలిస్తే వినపడేవాడు, వాడికి చెప్పాల్సింది నీకు చెప్పేసి బరువు దింపుకున్నాను, నువ్వు కూడా, తప్పుగా అనుకోకు, నువ్వు కూడా అప్పుడు నా చెవి పక్కన ఒక ఈల ఊదకపోయావా.

పద మరిదీ, అందరూ వెళ్ళిపోయారు, అని వదిన మళ్ళీ పరుగు మొదలుపెట్టింది, పుస్తకం తన చేతిలోనే ఉంది, ఇవ్వలేదు, నేనూ అడగలేదు, ఎర్రమట్టి బాట వచ్చింది, దూరంగా గేటు దగ్గర మాస్టారు గడియారం పట్టుకుని నిలబడ్డాడు, బేకరీ అక్క మాకంటే ముందొచ్చిన సంబరంలో చేతులూపుతోంది, లేసు మళ్ళీ ఊడింది, ఊడనీ, కాలి కింద టపటపా కొట్టుకుంటోంది, ఎందుకొచ్చినట్టు, వదినా, ఎందుకొచ్చినట్టంటే, దాచుకోవాలనుకున్న మనిషి బెల్టుకి చిల్లు పెట్టుకుని చొక్కా బయటికి వదిలి తిరుగుతాడు, బెల్టు ఉంది వాడికి, మేకు ఉంది, కొలిస్తే బయటపడుతుందని తెలిసినవాడు టైలరు దగ్గరికి రాడు, అందులోనూ తమ్ముడైన టైలరు దగ్గరికి, ఊరందరి గోడల్లో కారేది కనిపెట్టినవాడికి తన లోపలి సంగతి తెలియకుండా ఉంటుందా, తెలుసు, తెలిసినదాన్ని నోటితో అనలేక, ఇంటావిడకి అనలేక, ఇంకొకరి నోట వినాలని, జనం లేని వేళ చూసుకుని వచ్చాడు, ఏడాదిగా నేననుకుంటున్నది వేరు, అన్నయ్య దాచాడు, నేను కనిపెట్టాను, కనిపెట్టి ఊరుకున్నాను అని, అది కాదు, అసలు అది కాదు, అన్నయ్య నా దగ్గర దాచలేదు, నా దగ్గరికి వచ్చాడు, చేతులు పైకెత్తి నిలబడ్డాడు, మిగతావి కూడా పైకి చదవమని అడిగాడు.